రెండు వేళ్లు ఎటు తిరిగి ఉన్నాయి?

నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా ఏ కాలేజీ ఫేర్‌వెల్ ఫొటో చూసినా, వెనక వరసలో ఒకడైనా చెయ్యి పైకెత్తి, చూపుడువేలు, చిటికెనవేలు నిలబెట్టి కనిపిస్తాడు. అదేంటని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. కుర్రాళ్లు ‘యో’ అంటారు. చిన్నపిల్లలు స్పైడర్ మ్యాన్ అంటారు. నలభై దాటినవాళ్లకి అది రజనీకాంత్ ‘బాబా’ గుర్తు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఇళ్లలో మాత్రం ‘ముందు ఆ చెయ్యి దించు, అది సాతాను గుర్తు’ అని గదమాయింపు. హెవీ మెటల్ (గిటార్ల హోరుతో సాగే రాక్ సంగీతం) వినేవాళ్లు గుప్పెడు మందే అయినా, అసలు ఇది మాది అంటారు.

వీళ్లలో ఎవరి మాటా పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. అలాగని అందరూ మాట్లాడుతున్నది ఒకే గుర్తు గురించీ కాదు. ఈ చేతికి తనకంటూ ఉన్న అర్థం చాలా తక్కువ. అది ఎవరి వైపు తిరిగింది, ఏ క్షణంలో లేచింది అన్నదాన్నిబట్టే రక్షణో, తిట్టో, సలామో, ఉత్త పోజో అవుతుంది. ఈ గుర్తు చుట్టూ ఉన్న గొడవల్లో చాలావరకు దిక్కు చూడకుండా వేళ్లు మాత్రమే చూడటం వల్ల వచ్చినవే.

ముందు చెయ్యి సంగతి. మధ్యవేలు, ఉంగరపు వేలు అరచేతిలోకి మడవాలి, వాటి మీద బొటనవేలు అడ్డంగా అదిమి పెట్టాలి, మిగిలిన రెండూ నిటారుగా ఉండాలి. మెటల్ వాళ్ల చెయ్యి ఇదీ. బొటనవేలు బయటికి చాచితే వ్యవహారం మారిపోతుంది. అమెరికన్ సంజ్ఞాభాషలో అది ‘ఐ లవ్ యు’: ఐ, ఎల్, వై అక్షరాలకు వాడే వేళ్లను ఒకే చేతిలో కలిపిన రూపం. స్పైడర్ మ్యాన్ దారం వదిలేటప్పుడూ బొటనవేలు బయటే ఉంటుంది, పైగా అరచెయ్యి ఆకాశం వైపు. 2002లో వచ్చిన ‘బాబా’లో రజనీ చూపించింది యోగాలో అపాన ముద్ర అనే దానికి దగ్గరిది, 2017 చివర్లో రాజకీయ ప్రకటన చేసినప్పుడూ ఆయన దాన్నే చూపించారు. తమిళనాడు సరిహద్దుకి ఇంత దగ్గరగా ఉన్న నెల్లూరు మనుషులకి అదే ముందు తట్టడంలో వింత లేదు. ఫొటోల్లో పోజిచ్చేవాళ్లు చాలామంది బొటనవేలు బయటే పెడతారు. మెటల్ వినేవాళ్ల కంటికి ముందు తగిలే తప్పు అదే. దాని మీద క్లాసు పీకడం దండగ. వాడు మనందరికీ ప్రేమ పంపిస్తున్నాడనుకుని వదిలేయొచ్చు.

మెటల్ లోకానికి దీన్ని అలవాటు చేసిన మనిషి రోనీ జేమ్స్ డియో. అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ కుటుంబంలో 1942లో పుట్టాడు, అసలు ఇంటిపేరు పడవోనా. 1979లో బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బ్యాండు తన గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్‌ని తీసేసి డియోని తెచ్చుకుంది. మరుసటి ఏడాది ‘హెవెన్ అండ్ హెల్’ ఆల్బమ్ వచ్చింది. పాటలు బాగున్నాయి, గొంతు ఇంకా బాగుంది. ఇబ్బందల్లా స్టేజీ ఎక్కాకే. ఓజీకి రెండు చేతులూ పైకెత్తి వి గుర్తు చూపించే అలవాటు. మన దగ్గర ఎన్నికల ప్రచారంలో వ్యాను మీద నిలబడి నాయకులు చూపిస్తారే, అచ్చం అదే. కింద నిలబడ్డ జనం ఏళ్ల తరబడి ఆ గుర్తుకి బదులిచ్చిన జనం. పార్టీలోకి కొత్తగా వచ్చిన అభ్యర్థి, వెళ్లిపోయినవాడి గుర్తు పట్టుకుని ఓట్లడిగితే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో డియోకి అంత ఎబ్బెట్టు. అలాగని చేతులు వేలాడేసుకుని ‘హెవెన్ అండ్ హెల్’ పాడటం కుదరదు.

అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది వాళ్ల అవ్వ. వీధిలో నడుస్తుంటే ఎవరి చూపైనా మంచిది కాదనిపిస్తే ఆ ఇటాలియన్ అవ్వ రెండు వేళ్లు అటు చాపేదట. ఇటలీలో చెడుచూపుని మలోక్కియో అంటారు. అది తగలకుండా ఈ కొమ్ముల చెయ్యి. డియో ఈ సంగతి చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తాను కనిపెట్టానని మాత్రం అనలేదు, వాడుకలోకి తెచ్చానన్నాడు అంతే. ఆ మాట నిజమే. 1969లోనే కోవెన్ అనే అమెరికన్ బ్యాండు ఆల్బమ్ అట్ట మీద ఈ చేతులు కనిపిస్తాయి. బ్లాక్ సబ్బాత్‌లోనే బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్, డియో కంటే ముందు తానే చూపించేవాణ్ణని చెప్పుకున్నాడు. ఎవరు ముందు అన్న లెక్క ఎటూ తేలదు, తేలి ఒరిగేదీ లేదు. జనం చేతుల్లోకి ఎవరి చెయ్యి నుంచి వచ్చిందన్నదే లెక్క అయితే, అది డియోదే.

ఇటలీలో ఈ గుర్తు వాడకం చూస్తే దిక్కు సంగతి బాగా తెలుస్తుంది. వేళ్లు నేల వైపు దించితే కీడు పోగొట్టడం. అవే వేళ్లు పైకెత్తి ఒకరి వైపు చూపించినా, తల వెనక నిలబెట్టినా పచ్చి తిట్టు: నీ పెళ్లాం నిన్ను మోసం చేస్తోందని. 1973లో నేపుల్స్‌లో కలరా వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లిన ఇటలీ అధ్యక్షుడు జొవాన్నీ లియోనె, వెనక్కి పెట్టుకున్న చేత్తో కొమ్ములు పట్టాడు. ఆయన ఆ ఊరివాడే. దేశాధ్యక్షుడైనా కలరా ముందు అవ్వ చెప్పిన మాటే వినబుద్ధయింది మరి. 2002లో స్పెయిన్‌లో యూరప్ విదేశాంగ మంత్రుల గ్రూపు ఫొటోలో సిల్వియో బెర్లుస్కోనీ అవే వేళ్లు స్పెయిన్ మంత్రి తల వెనక పెట్టి నవ్వాడు. చేతులు ఒకటే. ఒకటి దాచుకున్న భయం, రెండోది స్కూలు పిల్లాడి వెకిలితనం.

ఇదంతా ఇటలీ కథే అయినా, నెల్లూరు అవ్వలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లికి తీసుకెళ్లిన పిల్లాడు ఇంటికొచ్చి చిరచిరలాడుతూ అన్నం ముట్టకపోతే ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు. గుప్పెట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు బిగించి, పిల్లాణ్ణి కూర్చోబెట్టి, తల చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ వీధి వీధినంతా కలిపేసి, వాడి చేత థూ అనిపించి నిప్పుల్లో వేస్తారు. మిరపకాయల ఘాటుకి ఎవరూ దగ్గకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే. అంత తీరిక లేనప్పుడు ఇంకో పద్ధతి ఉంది. రెండు అరచేతులూ పిల్లాడి బుగ్గల మీదుగా కిందికి దింపి, వేళ్లు ముడిచి, తన కణతలకేసి నొక్కుకుంటుంది అవ్వ. పటపటా మెటికలు విరుగుతాయి. ఎన్ని విరిగితే అంత దిష్టి పోయినట్టు. కొందరు మెటికలు విరిగే చప్పుడు విని ‘చూశావా, ఎంత దిష్టో’ అని పక్కవాళ్లకి సాక్ష్యం కూడా చూపిస్తారు. అవ్వ పిల్లాడి కోసం చేతులతో చేసే పని ఇది. డియో స్టేజీ మీదికి తీసుకొచ్చిందీ ఇలాంటి పనినే.

దిష్టి లోకంలో మెటల్‌కి ఇంకా దగ్గరి చుట్టం ఒకడున్నాడు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కట్టే అపార్టుమెంటుకైనా, ఒంగోలు శివార్లలో స్లాబు దాకా వచ్చిన ఇంటికైనా ముందు వైపు ఒక రాక్షసుడి మొహం వేలాడుతూ ఉంటుంది. గుడ్లురిమిన కళ్లు, బుర్రమీసాలు, కోరలు, బయటికి వేలాడే ఎర్రటి నాలుక, కొన్నింటికి కొమ్ములు. దాన్ని చూసి ఆ ఇంటి యజమాని రాక్షసుణ్ణి కొలుస్తాడని ఎవరూ అనుకోరు. చెడుని భయపెట్టడానికి చెడు మొహాన్నే గుమ్మానికి కాపలా పెట్టడం అందరికీ అర్థమైన పద్ధతి. ఆ మొహం ఎప్పుడూ రోడ్డు వైపే తిరిగి ఉంటుంది. ఇంట్లోవాళ్ల వైపు తిప్పి పెట్టేవాడు ఎవడూ ఉండడు. డియో సొంత బ్యాండు మొదటి ఆల్బమ్ ‘హోలీ డైవర్’ అట్ట మీద ఒక రాక్షసుడు ఇవే కొమ్ముల వేళ్లు చూపిస్తూ నిలబడి ఉంటాడు. 1983లో అమెరికాలో ఆ అట్ట చూసి హడలిపోయినవాళ్లు ఉన్నారు. దిష్టిబొమ్మల మధ్య పెరిగిన మనిషి హడలిపోవాల్సిన పని లేదు. అట్ట మీద ఆ రాక్షసుడు గొలుసులతో చుట్టి నీళ్లలోకి విసిరింది ఒక మతగురువుని కాబట్టి, కథ అంత తేలిగ్గా సర్దుకోదు, నిజమే. కానీ రాక్షసుడి బొమ్మ ఉన్నంతమాత్రాన రాక్షస పూజ కాదన్న మాటని ఇక్కడ ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు.

మరి సాతాను ఎక్కణ్ణుంచి వచ్చాడు? కొంత నిజంగానే వచ్చాడు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చర్చ్ ఆఫ్ సేటన్ పెట్టిన ఆంటన్ లావే, ఆయన మనుషులు ఈ చేతిని తమ గుర్తుగా వాడారు. 1980లలో అమెరికాలో పిల్లల్ని పాటలు పాడు చేస్తున్నాయన్న టెన్షన్ బాగా ముదిరి, 1985లో సెనెట్‌లో విచారణ దాకా వెళ్లింది. అదే కాలంలో వెనమ్ లాంటి బ్యాండ్లు జనాన్ని రెచ్చగొట్టడానికే సాతానుని అట్టల మీదికి, పాటల్లోకి ఎక్కించాయి. అది చాలావరకు వేషమే. నార్వేలో మాత్రం వేషం దాటిపోయింది. 1990ల మొదట్లో మెటల్‌లోనే బ్లాక్ మెటల్ అనే శాఖ గుంపుకి చెందిన కొందరు నిజంగానే చర్చిలు తగలబెట్టారు, శతాబ్దాల నాటి చెక్క కట్టడాలతో సహా. ఆ తర్వాత 2005లో అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రమాణ స్వీకారం రోజున ఆయన కుటుంబం ఈ చెయ్యి ఎత్తితే టీవీలో చూసిన నార్వే జనం బిత్తరపోయారంటే నవ్వుకోవడం న్యాయం కాదు. బుష్ వాళ్లు ఎత్తింది టెక్సాస్ యూనివర్సిటీ గుర్తు, 1955 నుంచి అక్కడి స్టేడియంలో లేస్తున్న పొడుగు కొమ్ముల ఎద్దు బొమ్మ.

ఇక్కడొక పక్కదారి. పొడుగు కొమ్ముల ఎద్దు ఉంది కాబట్టి టెక్సాస్‌కి ఈ చెయ్యి అతికింది. ఒంగోలు వాళ్లు తమ గిత్త కోసం ఇలాంటి గుర్తు పెట్టుకోవాలంటే రెండు వేళ్లూ సగానికి మడవాలి. ఒంగోలు గిత్త గొప్పంతా మూపురంలో, గంగడోలులో, ఒంటి తెలుపులో ఉంది, కొమ్ములు చూస్తే పొట్టివి, మొద్దువి. తిరునాళ్లలో వాటికి రంగులేసి ఇత్తడి తొడుగులు పెడితేగానీ కంటికి ఆనవు. ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే ఈ జాతి బ్రెజిల్ చేరి నెలోర్ అని పేరు తెచ్చుకుంది, ఇప్పుడు అక్కడి మాంసపు పశువుల్లో పెద్ద వాటా దానిదే. అదే బ్రెజిల్‌లో, పశువుల పెంపకానికి పేరున్న మినాస్ జెరైస్ రాష్ట్రం నుంచి 1984లో సెపుల్తురా పుట్టింది, మెటల్ వినేవాళ్లు లేచి నిలబడే బ్యాండు. కొమ్ములు ఇక్కణ్ణుంచి అటు వెళ్లాయి, కొమ్ముల గుర్తు అటునుంచి ఇటు వచ్చింది. దీన్నుంచి ఏ సిద్ధాంతమూ లాగకూడదు, కానీ చెప్పకుండా ఉండటం కష్టం.

ఒంగోలు చర్చి వైపు నుంచి వచ్చే అభ్యంతరానికి జవాబు వెతకాలంటే ఈ చరిత్రంతా దగ్గర పెట్టుకోవాలి. ఇక్కడ చర్చి నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. అంత పాత సంఘానికి ఈ వేళ్ల మీద సొంత భయం ఏమీ లేదు. అవ్వల కాలంలో ఎవరూ వినలేదు. సాతాను గుర్తన్న మాట అమెరికా 1980ల నుంచి పుస్తకాల్లో, సీడీల్లో, ఈమధ్య వాట్సాప్ వీడియోల్లో, సరిగ్గా మెటల్ పాటలు వచ్చిన దారినే వచ్చింది. రోగమూ మందూ ఒకే కొట్లో కొన్నట్టయింది. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ జిల్లాల్లో కుర్రాళ్లకి గిటార్ పట్టుకోవడం, డ్రమ్స్ ముందు కూర్చోవడం నేర్పించే చోట్లలో చర్చి ముఖ్యమైనది. ఆదివారం ఆరాధనలో తాళం తప్పకుండా వాయించే కుర్రాడే సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండు కాళ్లతో దడదడలాడించే డబుల్ బేస్ డ్రమ్మింగ్ మీద తల ఊపుతూ ఉండొచ్చు. వాడి చెయ్యి ఆరాధనలో లేచినప్పుడు ఎటు తిరిగిందో, పాట విన్నప్పుడు ఎటు తిరిగిందో పాస్టరుగారు అడిగితే బాగుంటుంది. వేళ్లు లెక్కపెట్టడం కన్నా అది మంచి ప్రశ్న.

దీనికి ఎదురు కొసన ఇంకో వాదం ఉంది: ఇది మన ముద్రే, తెల్లవాళ్లు ఎత్తుకెళ్లారు అని. కూచిపూడి నేర్చుకునే పిల్లలకి సింహముఖ హస్తం తెలుసు. మధ్యవేలు, ఉంగరపు వేలు కొనలు బొటనవేలి కొనకి తగిలించి, మిగిలిన రెండు వేళ్లూ నిలబెడతారు. హోమం, కుందేలు, ఏనుగు, తామరపూల దండ, సింహం మొహం చూపించడానికి దాన్ని వాడాలని అభినయ దర్పణం చెబుతుంది. బౌద్ధ శిల్పాల్లో కరణ ముద్ర కూడా చూడటానికి దాదాపు ఇదే, దుష్టశక్తుల్ని తరిమేది. పోలిక కాదనలేం. కానీ మనిషి చేతికి ఉన్నవి అయిదే వేళ్లు, వాటిని మడిచే తీరులు కొన్నే. రెండు దేశాల్లో ఒకే మడత కనిపిస్తే దొంగతనం జరిగిందనడానికి అదొక్కటే చాలదు. డియో అవ్వ అభినయ దర్పణం చదవలేదు. ఇక్కడ కూడా దిక్కు వేరు: సింహముఖం ప్రేక్షకుడికి ఒక కథ చెబుతుంది, మెటల్ చెయ్యి ప్రేక్షకుడి దగ్గర్నుంచి స్టేజీకి వెళుతుంది.

ఆ వెళ్లడమే అసలు కిటుకు. షోలో ఈ చెయ్యి ఎప్పుడు పడితే అప్పుడు లేవదు. మెల్లగా మొదలైన గిటార్ ఒక్కసారిగా డిస్టార్షన్‌లోకి, అంటే గరగరలాడే మోతలోకి దూకినప్పుడు, తెలిసిన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) మొదటి స్వరాలు చెవిన పడినప్పుడు, సోలో ముగిసి డ్రమ్స్ మళ్లీ అందుకున్నప్పుడు వేల చేతులు కూడబలుక్కోకుండా లేస్తాయి. చప్పట్లు పాట అయిపోయాక కొడతారు. ఇది పాట నడుస్తుండగానే స్టేజీకి ఇచ్చే జవాబు. త్యాగరాజ కీర్తనలో మంచి సంగతి పడినప్పుడు సభలో ‘ఆహా’ అనేవాళ్లు చేసే పనిని ఇక్కడ చెయ్యి చేస్తుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మెటల్ వినేవాళ్లకి లేనిది సరిగ్గా ఆ స్టేజీయే. పాటలు వచ్చాయి: ముందు క్యాసెట్లలో, కేబుల్ టీవీలో, తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఒక హార్డ్‌డిస్క్ నుంచి ఇంకో హార్డ్‌డిస్క్‌కి, ఇప్పుడు ఫోన్‌లో. బ్యాండ్లు రాలేదు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించాయి. 2009లో ఓపెత్ చెన్నై ఐఐటీ విద్యార్థుల పండగ సారంగ్‌కి వచ్చింది, నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల దారి. అలా బస్సెక్కి వెళ్లి వచ్చినవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లకి ఈ చెయ్యి జనం మధ్య లేచింది కాదు, గది తలుపేసుకుని హెడ్‌ఫోన్స్‌లో వింటూ గోడ మీది ఫ్యాను వైపు లేచింది. గుంపు కోసం పుట్టిన గుర్తుని ఒంటరిగా వాడటంలో కొంచెం నవ్వుతాలు ఉంది, కొంచెం మొండితనమూ ఉంది. ఆ మొండితనాన్ని చులకన చేయడం తగదు. బెంగళూరు వాళ్లకి వీకెండ్ సరదా అయింది, వీళ్లకి ఊళ్లో ఒక్కరూ తోడు లేకుండా ఏళ్ల తరబడి నిలుపుకున్న ఇష్టం.

అందుకే ఇక్కడ ఈ గుర్తు దిక్కు మార్చుకుంది. స్టేజీ లేదు కాబట్టి ఎదుటి మనిషి వైపు తిరిగింది. ఒంగోలు బస్టాండులో ఐరన్ మెయిడెన్ టీషర్టు వేసుకున్నవాడు కనబడితే చెయ్యి దానంతటదే సగం లేస్తుంది. అవతలివాడూ లేపితే పరిచయమైపోయినట్టే, ఆ తర్వాత ఊరు, ఉద్యోగం, కులం ఏదీ అడగక్కర్లేకుండా అరగంట మాట్లాడుకోవచ్చు. ఊళ్లో మొదటి పది నిమిషాల్లో ఎవరి తాలూకని ఆరా తీసే అలవాటు ఉన్న చోట ఇది చిన్న వెసులుబాటు కాదు. ఎక్కువసార్లు జరిగేది ఇంకోటి. రెండొందల యాభైకి ఫుట్‌పాత్ మీద బొమ్మ బాగుందని కొన్న టీషర్టు అది. చెయ్యెత్తినవాడిని వాడు ఎగాదిగా చూసి బస్సెక్కేస్తాడు.

గుర్తు పలచబడిపోయిందని, ప్రతి సెల్ఫీలోనూ అదే అని మెటల్ వాళ్ల గొణుగుడు ఎప్పుడూ ఉండేదే. దాని విషయంలో 2017లో కిస్ బ్యాండు జీన్ సిమన్స్ చేసిన పని చూస్తే సెల్ఫీలే నయం. బొటనవేలు బయటికి చాచిన తన చేతి గుర్తుకి ట్రేడ్‌మార్క్ కావాలని అమెరికాలో దరఖాస్తు పెట్టాడు. ప్రపంచమంతా నవ్వింది, సంజ్ఞాభాషలో ప్రేమ అని అర్థమిచ్చే చేతిని సొంతం చేసుకుంటావా అని అడిగింది. రెండు వారాలు తిరక్కుండానే దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఎవరి అవ్వ చేతికీ అద్దె కట్టించే పని లేకుండా పోయింది. సెల్ఫీల వల్ల పోయేదేమీ లేదు. కెమెరా వైపు తిరిగిన చెయ్యి వేరు, గిటార్ వైపు తిరిగిన చెయ్యి వేరు, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు.

ఈ జిల్లాల్లో ఆ చెయ్యి స్టేజీ వైపు తిరగడానికి కావలసినవి చాలావరకు ఉన్నాయి. నెల్లూరులో కస్తూర్బా కళాక్షేత్రం ఉంది, టౌన్‌హాల్ ఉంది. ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిల్లోనూ చెయ్యి తిరిగిన గిటారిస్టులు, డ్రమ్మర్లు ఉన్నారు. హైదరాబాద్ నుంచి గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండు బయటికొచ్చి పేరు తెచ్చుకుంది కాబట్టి తెలుగు ఊళ్లలో ఇది పుట్టదన్న మాటా చెల్లదు. టికెట్లు కొనే జనం తక్కువ, అది పెద్ద అడ్డంకే. దాని తర్వాతి అడ్డంకి సౌండ్ సెట్ అతను. కాలేజీ ఫంక్షన్‌లో ఎవరైనా ధైర్యం చేసి డిస్టార్షన్ పెడల్ తొక్కగానే, స్పీకరు చిరిగిపోయిందేమోనని కంగారుపడి పరుగెత్తుకొచ్చి గిటార్ సౌండ్ తగ్గించేస్తాడు.